వైరు రహిత ప్రాంగణం

గుండ్లవాగు ప్రభుత్వ ఐటీఐకి మూడేళ్ళుగా ఏదీ వచ్చిన పాపాన పోలేదు. వెల్డింగు షెడ్డుకి పొగ లాగే ఫ్యాను రాలేదు. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు రాలేదు. ఎలక్ట్రీషియన్ సెక్షనుకి వైరు పైతోలు ఒలిచే స్ట్రిప్పర్లు రాలేదు. అడిగి అడిగి అందరి నోళ్ళూ పడిపోయాక, ఎవరూ అడగనిది ఒకటి వచ్చింది. ఆరోగ్యం.

ఆరోగ్యమంటే మందులు కాదు, మంచినీళ్ళూ కాదు. కాగితం.

"విషయము: వృత్తివిద్యా విద్యార్థుల యందు అనారోగ్యకర అలవాట్ల మార్పిడి కార్యక్రమము – నూరు శాతం లక్ష్యసాధన – తక్షణ చర్యల నిమిత్తము" అని మొదలైన ఆ కాగితం నాలుగు పేజీలు నడిచి, చివర్లో ఒక ఫారాన్ని కనింది. ఫారంలో మూడే ప్రశ్నలు. మీ చెడు అలవాటు ఏమి? ఎంత పరిమాణములో? ఎప్పుడు మానెదరు? అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక: "ఏదీ లేదు అని వ్రాసిన ఫారములు తిరస్కరించబడును."

ఎలక్ట్రీషియన్ రెండో ఏడు చదువుతున్న దార్ల సువార్త ఆ గమనిక దగ్గర ఆగిపోయింది. ఆ పిల్లకి అదొక రోగం. కాగితం చేతికిస్తే చివరిదాకా చదువుద్ది. లేచి అడిగింది.

"లేకపోతే ఎట్టా సార్?"

ప్రిన్సిపాల్ సోమశేఖరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "లేకపోవడమేమిటమ్మా? వెతుక్కో. చెడు అలవాటు లేని విద్యార్థిలో మార్పు ఎలా తెస్తాం? మార్పు తేకపోతే శాతం ఎలా వస్తుంది? అలవాటు లేదనడం ప్రభుత్వ కార్యక్రమానికి సహకరించకపోవడం కిందికి వస్తుంది."

సువార్తకి గొడవ పెట్టుకునే తీరిక లేదు. నెల రోజుల్లో ప్రాక్టికల్ పరీక్ష. అది గట్టెక్కితే ఊళ్ళో కరెంటాఫీసులో అప్రెంటిస్. ఆ ఆఫీసులో ఇంతవరకు ఆడపిల్ల స్తంభం ఎక్కలేదు, ఎక్కుతానని ఈ పిల్ల పట్టు. గట్టెక్కకపోతే మిరపకాయల షెడ్డు. అక్కడ తల్లి రాహేలు పదహారేళ్ళుగా మిరపకాయలకి తొడిమలు తీస్తంది. ఆమె పక్కన ఇంకో పీట వెయ్యడానికి మేస్త్రి ఎప్పుడైనా సిద్ధమే.

అందుకని కూర్చుని నిజాయితీగా వెతుక్కుంది. సిగరెట్ లేదు, గుట్కా లేదు, టీ కూడా లేదు. ఆఖరికి ఒకటి దొరికింది. పళ్ళతో వైరు ఒలవడం.

ఇది నవ్వే విషయం కాదు. క్లాసులో ఇరవై నాలుగు మంది, స్ట్రిప్పరు ఒక్కటి. ఆ ఒక్కటీ పోతే జవాబు చెప్పుకోవాలని ప్రిన్సిపాల్ బీరువాలో పెట్టి తాళం వేశారు. వైరు కొస మీద ప్లాస్టిక్ తోలు పోతే గాని లోపలి రాగి బయటపడదు, రాగి బయటపడితే గాని కనెక్షన్ ఇవ్వలేరు. కాబట్టి పళ్ళు. వాళ్ళకి పాఠం చెప్పే కాలేషా సారుకి ముందు పన్ను మీద సన్నటి గాడి పడి ఉంటుంది. దాన్ని చూపించి, "ఇది నా సర్వీసు రికార్డు" అంటాడాయన.

సువార్త ఫారం నింపింది. అలవాటు: పళ్ళతో వైరు ఒలవడం. పరిమాణం: క్లాసు మొత్తానికి నెలకి ఒక చుట్ట. ఎప్పుడు మానెదరు: సామాను ఇప్పించిన రోజు.

ఇంతే రాసింది. ఇందులో తప్పేముంది? తప్పల్లా పక్కన తిరపతయ్య కూర్చోవడం. ఆ బ్యాచిలో రెండేళ్ళుగా ఒకటే రాజ్యాంగం: సువార్త ఏం రాస్తే అందరూ అదే రాయాలి. తిరపతయ్య ఆమె ఫారం చూసి దించాడు. వాడిది చూసి వెనక బెంచీ దించింది. దవడ నిండా గుట్కా పెట్టుకుని కూర్చున్న నలుగురు మరీ సంతోషంగా దించారు. ఫిట్టర్ వాళ్ళు కిటికీలోంచి అందుకున్నారు, కుట్టు సెక్షను ఆడపిల్లలు ఫిట్టర్ల దగ్గర తీసుకున్నారు. సాయంత్రానికి అరవై ఒక్క ఫారాలు, ఒక్క అక్షరం తేడా లేదు. ఒకడు "దార్ల సువార్త" అని పేరు కూడా దించి, మీసాలు గుర్తొచ్చి కొట్టేశాడు.

ఫారాలు జిల్లాకి వెళ్ళాయి. అక్కడ కంప్యూటర్లో మూడు గడులే ఉన్నాయి: పొగాకు, మద్యం, మత్తు. ఫారాలు ఎక్కించే కుర్రాడు "వైరు" దగ్గర తల గోక్కున్నాడు, "చుట్ట" కనపడగానే ఊపిరి పీల్చుకున్నాడు. చుట్ట అంటే పొగాకు. ఇందులో ఆలోచించేదేముంది? రకం: వైరు. వాడే విధానం: పళ్ళతో. ఎంటర్ కొట్టాడు.

తెల్లారేసరికి జిల్లాలో కొత్త వ్యసనం పుట్టింది. పేరు వైరు చుట్ట. బాధితులు అరవై ఒక్క మంది, అందులో ఆడపిల్లలు పంతొమ్మిది మంది.

మూడో రోజు జీపు దిగింది. దాంట్లోంచి జిల్లా అలవాట్ల మార్పిడి అధికారి కౌండిన్య గారు, ఆయన వెనక ఒక గుమాస్తా దిగారు. అధికారి గారి ఎడమ బుగ్గన జర్దా కిళ్ళీ ఉంది. మెట్ల పక్క గోడ మీద ఉమ్మేసి, రుమాలుతో పెదాలు అద్దుకుని, "విద్యార్థులను ఒక్కొక్కరిగా ప్రవేశపెట్టండి" అన్నారు.

మొదట సువార్త.

"భయపడకు తల్లీ. నీవు నేరస్థురాలవు కావు, బాధితురాలవు. చుట్ట ఎప్పటినుంచి?"

"ఫస్టియర్ నుంచి సార్."

"అలవాటు చేసిందెవరు?"

"కాలేషా సారండీ. చుట్ట ఎట్టా విప్పాలో ఆయనే నేర్పారు."

మూల కుర్చీలో కాలేషా సారు ఉలిక్కిపడ్డాడు. "సార్, అది–"

"మీరు మాట్లాడకండి," అన్నారు అధికారి గారు. "సాక్షాత్తూ ఉపాధ్యాయుడే! రాసుకోవయ్యా." గుమాస్తా రాసుకున్నాడు. "నెలకొక చుట్ట అన్నావు. చిన్నదా, పెద్దదా?"

"తొంభై మీటర్లది సార్."

అధికారి గారి దవడ ఆగిపోయింది. "తొంభై మీటర్ల చుట్టా?"

"మామూలుగా అంతే వస్తది సార్. బయట ముక్కలు ముక్కలుగా కూడా అమ్ముతారు గానీ నమ్మకం లేదు."

"మరి అది కాల్చడానికి ఎంతసేపు పడుతుంది?"

"అయ్యయ్యో, కాల్చం సార్! కాలిందంటే మా పని అయిపోయినట్టే. వాసనొస్తే చాలు, సారు పరిగెత్తుకొస్తారు."

"రంగులు కూడా ఉన్నాయట?"

"ఎర్రది, నల్లది, పచ్చది. ఎర్రదే ప్రమాదం సార్. తడిచేత్తో పట్టుకుంటే మనిషి ఎగిరి అవతల పడతాడు. నల్లది ఏమీ చెయ్యదు. పచ్చదాన్ని భూమిలో పాతిపెడతాం."

"సాక్ష్యాధారములను భూస్థాపితం చేయుచున్నారు. రాసుకో," అన్నారు అధికారి గారు. గొంతు తగ్గించారు. "మానలేవా తల్లీ?"

"సామాను ఇప్పిస్తే రేపే మానతాను సార్."

"ఏ సామాను?"

"ఇనపది. రెండు కాళ్ళుంటయ్యి. నొక్కితే మూసుకుంటది."

గుమాస్తా కలం ఆగింది. అధికారి గారు గుమాస్తా మొహం చూశారు, గుమాస్తా అధికారి గారి మొహం చూశాడు. కిటికీ బయట అరవై మంది చెవులు. వాళ్ళలోంచి తిరపతయ్య లోపలికి తల పెట్టి, "సార్, అసలు మీరు చుట్ట చూశారా?" అని, సెక్షనులోంచి ఎర్ర వైరు చుట్టని పట్టుకొచ్చి బల్ల మీద ధనామని పడేశాడు.

అధికారి గారు దాన్ని చూశారు. చాలాసేపు చూశారు. ఒక కొస లాగి చూశారు.

"ఇది కరెంటు వైరు."

"అవును సార్."

"చుట్ట అంటే…"

"వైరు చుట్ట సార్," అంది సువార్త. ఆయన్ని చూస్తే ఆ పిల్లకే జాలేసింది.

ఆ క్షణాన కౌండిన్య గారు మనిషిలాగే ఉన్నారు. నవ్వబోయారు కూడా. ఇంకొక్క అర నిమిషం గడిస్తే అందరూ నవ్వుకుని ఎవరింటికి వాళ్ళు పోయేవాళ్ళు. కానీ ఫోను మోగింది. పైనుంచి.

"చిత్తం సార్… అవును సార్, రాష్ట్రంలోనే మొట్టమొదటిసారి సార్… మన జిల్లానే కనిపెట్టింది సార్… అరవై ఒక్క మంది సార్… అంతా తమ ఆశీస్సులు సార్."

ఫోను పెట్టేసరికి ఆయన వీపు నిటారుగా అయిపోయింది.

"అయితే సార్," అన్నారు సోమశేఖరం గారు మెల్లిగా, "ఇది ఉత్త వైరేనని పైకి రాసేద్దామాండీ?"

"సోమశేఖరం గారూ, మీ సర్వీసు ఎన్నేళ్ళు?"

"ఇరవై ఏడండీ."

"ఇరవై ఏడేళ్ళలో పైకి వెళ్ళిన నివేదిక కిందికి దిగిరావడం ఎన్నడైనా చూశారా?"

"లేదండీ."

"మరి?" జేబురుమాలు వేలికి చుట్టుకుని, చుట్టని ఆ వేలితో దూరంగా జరిపారు. "దీన్ని సీలు చేయించండి."

సీలు చేశారు. మూడున్నర చుట్టలు, రెండు గోతాల పాత ముక్కలు. అన్నిటికీ లక్క ముద్ర వేసి ప్రిన్సిపాల్ గదిలో పడేశారు. కాలేషా సారుకి మెమో ఇచ్చారు: "విద్యార్థులకు చుట్ట విప్పుట నేర్పినందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో మూడు దినములలోగా తెలుపగలరు." ఆయన అక్కడే నిలబడి జవాబు రాసిచ్చాడు: "ముప్పై ఏళ్ళుగా నన్ను ఉంచుకున్నదే అందుకు." ఆ జవాబుకి ఇంకో మెమో వచ్చింది.

తర్వాతి వారం గేటు మీద ఫ్లెక్సీ లేచింది. "వైరు రహిత ప్రాంగణము. వైరును ముట్టకుమా, భవితను చుట్టకుమా." ఆ పద్యం అధికారి గారి స్వయంకృతి. ఫ్లెక్సీ అడుగున "సౌజన్యం" అని, గేటుకెదురుగా గుట్కాలమ్మే కిళ్ళీకొట్టు పేరు. ఇందులో వింత లేదు. లెక్కల ప్రకారం ఆ ఐటీఐలో గుట్కా నమిలేవాడు ఒక్కడూ లేడు. కొట్టుకి మంచి పేరొచ్చింది.

ప్రారంభోత్సవానికి మైకు పెట్టారు. మైకు నుంచి పెట్టెదాకా, పెట్టె నుంచి స్తంభందాకా బారెడు నల్ల వైరు. సువార్త దాన్ని వేలితో చూపించింది.

"సార్, ఇది?"

"అది అద్దె వైరు," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఉపన్యాసం అయ్యాక గోడల్లోని వైర్ల సంగతి వచ్చింది. ప్రాంగణం అన్నాక గోడలు ప్రాంగణం కాకుండా పోవు కదా. మెయిన్ దగ్గర కరెంటు ఆపేశారు. ఫ్యాన్లు ఆగినయి, లేత్ మిషన్లు ఆగినయి. ప్రిన్సిపాల్ గదిలో ఏసీ మాత్రం నడిచింది. ఆ గది ప్రాంగణం కిందికి రాదట, పరిపాలన కిందికి వస్తుందట.

ఇక చికిత్స. నోటికి అలవాటైన దాన్ని ఒక్కసారిగా మాన్పిస్తే పిల్లలు తట్టుకోలేరని, "ప్రత్యామ్నాయ నమలుడు చికిత్స" పెట్టారు. మనిషికి రోజుకి రెండు క్యారెట్లు. వైరింగు క్లాసు ఆపవద్దని కూడా పైనుంచే ఆదేశం. కాబట్టి కాలేషా సారు క్యారెట్లు బల్ల మీద పరిచి పాఠం మొదలెట్టాడు.

"ఇది ఫేజు అనుకోండి. ఇది న్యూట్రలు. ఈ రెండూ బల్బు దగ్గరికి–"

"సార్, తిరపతయ్య న్యూట్రల్ తినేశాడు!"

"మరి నువ్వేం చేస్తన్నావు?"

"నాది ఎర్తే సార్. కొంచెమే కొరికా."

ఆయన చాక్‌పీసు బల్ల మీద పెట్టి, బయటికి పోయి వేపచెట్టు మొదట్లో కూర్చున్నాడు. సువార్త వెనకే పోయింది.

"సార్, ఇంక ఇరవై రోజులే ఉంది. మెట్ల లైటు కనెక్షను నాకు రెండుసార్లే చేతికొచ్చింది."

"నాకు మాత్రం తెలీదా అమ్మా?" అన్నాడు కాలేషా సారు. "నా చేతికి వైరిస్తే నేర్పుతా. నాకిచ్చింది క్యారెట్లు."

తరవాత ఇంటిమీదికి వచ్చారు. ఇల్లంటే ఇల్లు కాదు, రాహేలు పగలంతా ఉండే షెడ్డు. కుటుంబ సభ్యుల అవగాహన కూడా లక్ష్యంలో ఉందట. ఎర్రటి రాశుల మధ్య ముక్కుకి కొంగు కట్టుకుని నలభై మంది ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. కౌండిన్య గారు గుమ్మంలోనే రెండు తుమ్ములు తుమ్మారు.

"మీ అమ్మాయి చుట్టకు బానిస అయిందమ్మా."

రాహేలు తల ఎత్తలేదు. "మా అత్త తాగేది చుట్ట. నా బిడ్డ ముట్టదు."

"వైరు చుట్ట."

"ఓ, వైరా! అది ముట్టుకోకపోతే కరెంటు పని ఎట్టా చేస్తదయ్యా? మిరగ్గాయ ముట్టుకోకుండా నేను తొడిమ తీస్తానా?" పక్కనున్నోళ్ళు కిసుక్కుమన్నారు. రాహేలుకి నవ్వబోతే దగ్గొచ్చింది. లోపలెక్కడో బకెట్టు దొర్లినట్టు దగ్గింది.

అధికారి గారు పుస్తకం తెరిచారు. "ఈ దగ్గు ఎప్పటినుంచి అలవాటు?"

"షెడ్డులో చేరినకాడి నుంచి."

"మానడానికి ప్రయత్నించారా?"

రాహేలు అప్పుడు తలెత్తి చూసింది. లేచి, తన పీట ఆయన ముందుకి జరిపింది. "నువ్వో గంట దీనిమీద కూకో నాయనా. దగ్గకుండా ఉండే కిటుకేందో నువ్వే చూపిద్దువుగాని."

ఆయన పదకొండో తుమ్ముకి జీపెక్కారు.

పరీక్షకి నాలుగు రోజుల ముందు ప్రమాణపత్రాలొచ్చాయి. సంతకం పెట్టినవాళ్ళకే హాల్ టికెట్. "నేను జీవితకాలము వైరును ముట్టనని, చుట్టను విప్పనని, ఇతరులచే విప్పించనని నా మనస్సాక్షిగా ప్రమాణము చేయుచున్నాను. ఈ పత్రము నా ధ్రువపత్రములకు జతపరచబడుటకు అంగీకరించుచున్నాను." వరసగా నిలబడి అందరూ పెట్టేశారు. చదివిందెవరు గనక?

సువార్త చదివింది.

"పెట్టెయ్యవే," అన్నాడు తిరపతయ్య. "సంతకానికి సిరా తప్ప ఏం పోద్ది?"

"సర్టిఫికెట్టుకి అతికిస్తారంట రా. రేపు కరెంటాఫీసులో తీసి చూస్తే ఏముంటది? ఈ పిల్ల జన్మలో వైరు ముట్టనని ఒట్టేసింది అని ఉంటది. నన్ను ఏం పనికి పెట్టుకుంటారు? స్తంభాలకి బొట్లు పెట్టడానికా?"

తిరపతయ్య తన సంతకం వంక చూసుకున్నాడు. "నేనూ అంతేనా?"

"నువ్వూ అంతే."

"ఓర్నాయనో!"

ఆ పిల్ల నేరుగా ప్రిన్సిపాల్ గదికి పోయింది. లోపల చల్లగా ఉంది.

"నేను పెట్టను సార్."

"అయితే హాల్ టికెట్ లేదు."

"వైరు ముట్టకుండా వైరింగు పరీక్ష ఎట్టా రాస్తాం సార్?"

"అది పరీక్షల విభాగం చూసుకుంటుంది. ఇప్పుడు నేను కూర్చున్నది అలవాట్ల విభాగం కుర్చీ."

"రెండూ ఒకటే కుర్చీ గదా సార్."

"మాటకి మాట చెప్పకు. అరవై మంది మారారు. నువ్వొక్కదానివి మారకపోవడం వల్ల మన సంస్థ తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. నీకు సిగ్గుగా లేదూ?"

లేదంది. బయటికొచ్చి, గోడ చాటున కాసేపు ఏడ్చింది. షెడ్డులో మేస్త్రి వేసే పీట కళ్ళ ముందు కనపడింది.

పరీక్ష రోజు పక్క జిల్లా నుంచి పరీక్షాధికారి వచ్చాడు. పేరు ఎర్రయ్య. ఒకప్పుడు లైన్‌మన్, స్తంభాలెక్కి ఎక్కి కాళ్ళు దొడ్డికాళ్ళు అయిన మనిషి. ఇచ్చిన పని ఒకటే: మెట్ల దగ్గర లైటు. కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, ఎక్కడ నొక్కినా వెలగాలి, ఎక్కడ నొక్కినా ఆరాలి. హాలులో ఇరవై మూడు బోర్డులు. హాల్ టికెట్ లేని సువార్త కిటికీ ఊచలు పట్టుకుని బయట.

ఎర్రయ్య మొదటి బోర్డు దగ్గరికొచ్చి వంగి చూశాడు. వేలితో మీటాడు.

"ఇదేంది?"

"పురికొస సార్," అన్నాడు తిరపతయ్య. "ఎర్రదానికి కుంకం పూశాం. నల్లదానికి బొగ్గు. పచ్చదానికి గోరింటాకు రుబ్బాం గానీ అది ఎర్రగా పండింది సార్."

ఎర్రయ్య మెయిన్ వేయించాడు. స్విచ్చి నొక్కాడు. పైది నొక్కాడు. రెండూ నొక్కాడు.

"వెలగలేదే."

సోమశేఖరం గారు గొంతు సవరించుకున్నారు. "నైతికంగా వెలిగింది సార్."

"ఏంగా?"

"ఈ విద్యార్థి వైరు ముట్టకుండా నిగ్రహించుకున్నాడు సార్. ఆ వెలుగు లోపల ఉంటుంది."

ఎర్రయ్య కాగితం తీసి ఆయన మొహానికి దగ్గరగా పెట్టాడు. "బల్బు వెలిగినదా, అవునా కాదా. ఇవే రెండు గడులు. లోపల వెలిగితే ఎక్కడ టిక్కు పెట్టమంటావయ్యా? వైరన్నా తెప్పించు, అందరికీ సున్నాలన్నా వేయమను. సాయంత్రం నాకు బస్సుంది."

అందరికీ సున్నాలంటే సెక్షను మూత. సెక్షను మూతంటే ప్రిన్సిపాల్‌కి బదిలీ. ఆయన కౌండిన్య గారికి ఫోను చేశారు, అరగంటలో జీపొచ్చింది. గోతాలు తెచ్చి హాలు మధ్యలో పెట్టారు. విప్పేదెవరు? కాలేషా సారు మెమోల్లో ఉన్నాడు, ముట్టుకుంటే ఉద్యోగం పోద్ది. ఇరవై మూడు మంది ఒట్టేశారు, ముట్టుకుంటే శాతం పోద్ది.

"ఒట్టెయ్యనోళ్ళు ఎవరూ లేరా?" అన్నాడు ఎర్రయ్య.

అందరి తలకాయలూ కిటికీ వైపు తిరిగినయి.

కౌండిన్య గారి కళ్ళు మెరిశాయి. "భేష్! ఈ బాలిక ఇంకా విముక్తి పొందలేదు. కావున ఈమె ముట్టుకొనుట పతనము కిందికి రాదు, యథాస్థితి కిందికి వస్తుంది." నిలబడే గుమాస్తాకి చెప్పి రాయించారు: "నమోదిత వ్యసనపరురాలు దార్ల సువార్తకు, అలవాటు ఒక్కసారిగా మాన్పిన ప్రాణాపాయము కలుగునను కారణమున, నేటి దినమునకు ఒక చుట్ట వాడుకొనుటకు పర్మిటు." ముద్ర కూడా గుద్దారు. "లోపలికి రా తల్లీ. ఈ ఇరవై మూడు బోర్డులూ కలిపెయ్యి. నీకు కూడా ఒకటి ఇప్పిస్తాం."

సువార్త లోపలికొచ్చింది. పర్మిటు తీసుకుని, ఎప్పట్లాగే చివరిదాకా చదివింది.

"కలపను సార్."

"ఏమిటీ?"

"నా బోర్డు నేను కలుపుకుంటా. వాళ్ళయి వాళ్ళే కలుపుకోవాలి. చేతగానోడికి పాసు సర్టిఫికెట్టు ఇస్తే, రేపు లైన్ ఆపకుండా స్తంభం ఎక్కుతాడు. ఎక్కి చస్తే? నైతికంగా బతికున్నాడని రాస్తారా సార్?"

ఎర్రయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన కాళ్ళు చూసుకున్నాడు.

"నా హాల్ టికెట్ ఇవ్వండి. వాళ్ళు సంతకాలు పెట్టిన కాగితాలు వాళ్ళకి ఇచ్చేయండి. అప్పుడు గోతం విప్పుతా. లేదంటే మీరే ముట్టుకోండి సార్, మీకు ఒట్టేమీ లేదుగా."

కౌండిన్య గారు రెండడుగులు వెనక్కి వేశారు. "ఇరవై మూడు మంది ఒకే దినమున పతనమా? నా నివేదిక ఏమైపోవాలి?"

అప్పుడు సోమశేఖరం గారి బుర్ర ఇరవై ఏడేళ్ళ సర్వీసులో మొదటిసారి పనిచేసింది. ఆయన అధికారి గారి చెవి దగ్గరికి వంగారు గానీ, కంగారులో గొంతు పెద్దదైంది.

"సార్, పతనమైతే మళ్ళీ మార్చొచ్చు కదండీ! అందరూ ఇప్పుడే మారిపోతే వచ్చే ఏడు ఎవర్ని మారుస్తాం? కార్యక్రమం ఎత్తేస్తారు. మీ పోస్టు కూడా…"

కౌండిన్య గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ మొహంలో నిజంగానే వెలుగొచ్చింది.

"మానవుడు బలహీనుడు," అన్నారు. "కాగితాలు ఇచ్చేయండి."

ఇచ్చేశారు. తిరపతయ్య తన దాన్ని చింపి, ముక్కలు ఎక్కడ పడెయ్యాలో తెలియక జేబులో కుక్కుకున్నాడు. సువార్త లక్క ముద్ర మీద సుత్తితో ఒక్కటేసింది. ఎర్రయ్య తన సంచీలోంచి కటింగ్ ప్లయరు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ ఒక్కటీ ఇరవై నాలుగు చేతులు తిరగాలి. తిరిగేదాకా ఆగలేనోళ్ళు పళ్ళు పెట్టారు. అధికారి గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

పద్దెనిమిది బల్బులు వెలిగినయి. అయిదు వెలగలేదు. ఆ అయిదింట్లో తిరపతయ్యది ఠప్పుమని, మొత్తం హాలు ఫ్యూజు ఎగరగొట్టింది. "వీడిది నైతికంగా కూడా వెలగలేదు," అని ఎర్రయ్య టిక్కు పెట్టాడు. ఫ్యూజు వేశాక సువార్త బోర్డు ఒక్కటే మిగిలింది. కింద నొక్కాడు, వెలిగింది. పైన నొక్కాడు, ఆరింది. పైన నొక్కాడు, వెలిగింది. కింద నొక్కాడు, ఆరింది. మూడోసారి వెలిగించి అలాగే వదిలేసి, బస్సుకి టైమైందని లేచిపోయాడు.

మార్కుల కాగితం నెలకొచ్చింది. కరెంటాఫీసు నుంచి సోమవారం వచ్చి చేరమని పిలుపూ వచ్చింది. సువార్త రెండూ పట్టుకుని షెడ్డుకి పరిగెత్తింది. రాహేలు చేతులు కొంగుకి తుడుచుకుంది. కారం అంటుతుందని కాగితం ముట్టుకోలేదు, కూతుర్నే పట్టుకుని చూపించమంది.

"పాసేనా?"

"పాసేనే అమ్మా."

"మరి కింద ఎర్రగా ఏందో గుద్దారే?"

"అలవాట్ల ఆఫీసోళ్ళు గుద్దారు," అని సువార్త చదివింది. "ప్రవర్తన: మార్పు రాలేదు."

రాహేలు ఆ ఎర్ర ముద్ర వంక చూసింది. తొడిమ తీసిన కాయని రాశిలోకి విసిరింది.

"మారబాక," అంది.